కంప్యూటర్ చెప్పని లెక్క: ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్

సూరత్‌లో 2023 డిసెంబరులో ప్రారంభమైన డైమండ్ బోర్స్ పేరెత్తితే, కార్యాలయ స్థలంలో అది అమెరికా పెంటగాన్‌ను మించిందన్న మాటే ముందు వినిపిస్తుంది. అంత పెద్ద భవనానికి గాలినీ ఎండనూ పునాది వేయకముందే కంప్యూటర్‌లో లెక్కగట్టడం ఇప్పుడు మామూలు పని. ఆకాశహర్మ్యాల రూపకల్పనలోకి కంప్యూటర్‌ను తెచ్చిన తొలితరంలో మన ఉపఖండం ఇంజినీరు ఒకరున్నారు.

ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ 1929లో ఢాకాలో పుట్టారు. కలకత్తా పక్కన శిబ్‌పూర్‌లో ఇంజినీరింగ్ చదువుతుండగా 1950 నాటి మత కల్లోలాల వల్ల ఢాకా తిరిగివెళ్లి డిగ్రీ పూర్తిచేశారు. 1952లో అమెరికా చేరి, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మూడేళ్లలో రెండు మాస్టర్స్ డిగ్రీలు, ఒక డాక్టరేట్ సంపాదించారు. 1955లో షికాగోలోని ఎస్ఓఎం సంస్థలో చేరారు.

ఎత్తైన భవనాన్ని ఎక్కువగా ఇబ్బందిపెట్టేది దాని బరువు కాదు, గాలి. దాన్ని తట్టుకోవడానికి లోపలంతా ఉక్కు నింపేవారు. ఖాన్ ఆ బలాన్ని బయటి గోడలకు మార్చారు. వెదురు బొంగు లోపల బోలుగా ఉన్నా నిలబడుతుంది కదా, అలాగన్నమాట. అయితే అలాంటి చట్రంలో ఏ కడ్డీ ఎంత భారం మోస్తుందో తేల్చాలంటే వందల సమీకరణాలను ఒకేసారి సాధించాలి. చేత్తో అయ్యే పని కాదు. ఆయన కంప్యూటర్‌ను ఆశ్రయించింది అందుకే. ఫలితం షికాగోలోని నూరంతస్తుల హాన్‌కాక్ సెంటర్‌లో కనిపిస్తుంది. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌కు చదరపు మీటరుకు సుమారు 206 కిలోల ఉక్కు పడితే, దీనికి 145 కిలోలే సరిపోయింది.

గాలికి భవనం ఎంత ఊగుతుందో లెక్క చెబుతుంది. పైఅంతస్తులో పడుకున్న మనిషికి ఆ ఊపు తెలుస్తుందా, భయం పుడుతుందా? దానికి సమీకరణం లేదు. షికాగోలోని ఒక మ్యూజియంలో వాషింగ్ మెషీన్ కంపెనీ ప్రదర్శనకు పెట్టిన తిరిగే వేదిక ఆయన కంటపడింది. కొందరిని దానిపై ఉంచి, ఎంత కదలికకు ఎవరు గుర్తుపడుతున్నారో పరీక్షించారు. ఆయన పనిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

1971లో బంగ్లాదేశ్ విముక్తి పోరాటానికి షికాగో నుంచే మద్దతు కూడగట్టారు. అదే కాలంలో 110 అంతస్తుల సియర్స్ టవర్ రూపుదిద్దుకుంది. తొమ్మిది గొట్టాలను ఒక కట్టగా కట్టినట్టుండే ఆ భవనం రెండు దశాబ్దాలకు పైగా ప్రపంచంలోకెల్లా ఎత్తైనదిగా నిలిచింది.

తర్వాత ఆయన దృష్టి ఎత్తు నుంచి నీడకు మళ్లింది. జెడ్డాలో హజ్ యాత్రికుల టెర్మినల్‌కు గుడారాల్లాంటి 210 వస్త్రపు కప్పులు వేశారు. 1982 మార్చిలో అదే జెడ్డాలో గుండెపోటుతో ఆయన చనిపోయారు. అప్పటికి 52 ఏళ్లు. సమాధి షికాగోలో ఉంది.