పదమూడు తీగలు చాలని మియాగి



పాపకు కీబోర్డ్ నేర్పించాలా, కర్ణాటక సంగీతమా అని పేరెంట్స్ మీటింగుల్లో కొందరు అడుగుతుంటారు. అప్పుడు నాకు జపాన్ సంగీతకారుడు మిచియో మియాగి గుర్తొస్తారు.

ఆయన 1894లో కోబే నగరంలో పుట్టారు. పసితనంలో వచ్చిన కంటి జబ్బుతో ఎనిమిదేళ్లకల్లా చూపు పోయింది. చూపులేని పిల్లలు 13 తీగల కోటో వాద్యం నేర్చుకుని బతకడం అక్కడి ఆనవాయితీ. ఆయన్నీ అలాగే గురువు దగ్గర చేర్చారు. పదమూడేళ్లకు కొరియా వెళ్లి, కోటో పాఠాలు చెప్పి కుటుంబాన్ని పోషించారు. అక్కడ తమ్ముడు స్కూల్ పుస్తకంలోని పద్యాలు పైకి చదువుతుంటే విన్నారు. నీరు మబ్బుగా, వానగా, వడగళ్లుగా రూపాలు మారడం వాటిలో విషయం. 1909లో ఆ పద్యాలకే తొలి స్వరరచన చేశారు.

1917లో టోక్యో చేరారు. పాశ్చాత్య సంగీతం ఆయనకు ఎంతో ఇష్టం. అయితే చిక్కొకటి ఉంది. జపాన్ బాణీలు ఎక్కువగా మన మోహనంలా ఐదు స్వరాల మీద నడుస్తాయి. పాశ్చాత్య సంగీతంలో ఒకేసారి పలికే కొన్ని స్వరాలు పాటను కింది నుంచి మోస్తాయి. అలా మోయడానికి కోటోలో మంద్ర స్వరాలు చాలవు. మియాగి తమ బాణీని వదులుకోలేదు. 1921లో 17 తీగల పెద్ద కోటో తయారు చేయించారు. తర్వాత చేయించిన 80 తీగల కోటో జనంలోకి వెళ్లలేదు. 17 తీగలది మాత్రం నేటికీ మోగుతోంది.

1929లో కోటోకూ, శాకుహాచి అనే వెదురు వేణువుకూ ‘హారు నో ఉమి’, అంటే ‘వసంత సముద్రం’, రాశారు. 1932లో జపాన్ వచ్చిన ఫ్రెంచ్ వయొలినిస్ట్ రెనే షెమే, వేణువు భాగాన్ని వయొలిన్‌కు మార్చుకుని ఆయనతో కలిసి రికార్డు చేశారు. 1956లో కచేరీకి వెళ్తూ రైల్లోంచి పడి మియాగి కన్నుమూశారు. ఆ సముద్రం మాత్రం కొత్త సంవత్సరం వచ్చిందంటే జపాన్ అంతటా ఇప్పటికీ వినిపిస్తుంది.

ఈ ఆదివారం ఇంట్లో చిన్న ప్రయత్నం చేయండి. పాపను కీబోర్డ్ మీద ఎడమ చేత్తో స, ప కలిపి నొక్కి ఉంచమనండి. కుడి చేత్తో మోహనం స్వరాలను తనకు తోచినట్టు వాయించనివ్వండి. ఏ స్వరం దగ్గర ఆగితే బాగుందో తననే చెప్పనివ్వండి. కీబోర్డా, కర్ణాటకమా అన్న ప్రశ్నకు జవాబు అక్కడే దొరకవచ్చు.