లండన్ మురుగుకు దారి చూపిన బాజల్జెట్

కోటలు కట్టించినవాళ్ల పేర్లు చిన్న తరగతుల్లోనే బట్టీ పట్టాం. మురుగు కాలువ తవ్వించినవాడి పేరు మాత్రం మనకెవరూ చెప్పలేదు. సర్ జోసెఫ్ బాజల్జెట్ అలాంటి ఇంజనీరు.

ఆయన 1819 మార్చి 28న లండన్ సమీపాన ఎన్‌ఫీల్డ్‌లో జన్మించాడు. తండ్రి నౌకాదళ అధికారి. ఐర్లండులో మాక్‌నీల్ అనే ఇంజనీరు దగ్గర పని నేర్చాడు. నీరు నిలిచి ఊటెక్కిన భూముల నుంచి ఆ నీటిని దించడమే అక్కడి పని. రైతుబిడ్డలకు దాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. తరువాత రైల్వే పనుల్లో ఒళ్లు హూనం చేసుకుని 1847లో జబ్బుపడ్డాడు. కోలుకుని 1849లో లండన్ మురుగు కాలువల శాఖలో చేరాడు.

అప్పటి లండన్‌లో పాయిఖానాల మురుగంతా థేమ్స్ నదిలోకే పోయేది. ఎన్నో ఇళ్లకు తాగునీళ్లూ ఆ నదివే! 1848-49లో కలరా అక్కడ 14 వేల మందికి పైగా, 1853-54లో మరో 10 వేల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. 1858 వేసవిలో నది కంపు భరించలేక, పార్లమెంటు భవనం కిటికీలకు బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో తడిపిన తెరలు కట్టారు. కంపు తమ ముక్కుకు తగిలాక గాని పెద్దలు కదల్లేదు. ఆ ఆగస్టులోనే చట్టం చేశారు. నగర పనుల బోర్డుకు 1856 నుంచే బాజల్జెట్ చీఫ్ ఇంజనీరు.

ఆయన పథకం వినడానికి తేలికే. నదికి సమాంతరంగా పెద్ద సొరంగ కాలువలు కట్టి, పాత కాలువల మురుగును నదిలో పడకముందే పట్టి, ఊరికి తూర్పున చాలా దూరాన వదలాలి. కాని ఆ కాలువ ఎంత లావుండాలి? తలకు రోజుకు 5 ఘనపుటడుగుల మురుగనీ, అందులో సగం ఆరు గంటల్లోనే వచ్చిపడుతుందనీ లెక్క కట్టాడు. సగటుకు కాదు, ఆ ఉరవడికి కాలువ చాలాలి. జనాభా సుమారు 34.5 లక్షలకు పెరుగుతుందని ముందే వేసుకున్నాడు. అడుగున మడ్డి పేరకుండా మైలుకు 2 అడుగుల వాలు ఉండాలన్నాడు.

అసలు చిక్కు వానతోనే వచ్చింది. మురుగూ వాననీరూ పోయేది ఒకే కాలువలో మరి. రికార్డులు తిరగేస్తే ఏడాదిలో సుమారు 155 రోజులు వాన పడుతోంది, పావు అంగుళం దాకా పడేది 25 రోజులే. కుంభవృష్టికి సరిపడా కడితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. పైగా ఎండ రోజుల్లో నీళ్లు పలచగా పారి మడ్డి పేరుకుంటుంది. అందుకని మురుగు ఉరవడి మీద రోజుకు పావు అంగుళం వాన కలిపి కొలత ఖాయం చేశాడు. అంతకు మించింది నదిలోకి పొర్లిపోయేలా దారులు వదిలాడు. మన చెరువుకు అలుగు ఎందుకో ఇదీ అందుకే. అలుగు లేకపోతే గండి పడుతుంది, ఇక్కడైతే మురుగు ఇళ్లలోకి ఎగదన్నుతుంది.

క్రాస్‌నెస్ పంపింగ్ స్టేషన్ 1865లో, ఆబీ మిల్స్ స్టేషన్ 1868లో మొదలయ్యాయి. ఈ మధ్యలో 1866లో కలరా మళ్లీ వచ్చి, కొత్త కాలువలు ఇంకా పూర్తికాని తూర్పు లండన్‌లోనే 5 వేల మందికి పైగా చంపింది. ఆ తరువాత లండన్ అంతటి కలరాను చూడలేదు. తమాషా ఏమంటే, ఆ రోజుల్లో చాలామందిలాగే బాజల్జెట్ కూడా జబ్బుకు కారణం దుర్గంధమనే అనుకున్నాడు!

జనాభా ఆయన బతికుండగానే ఆ లెక్కను దాటిపోయింది. ఆయన 1891 మార్చి 15న చనిపోయాడు. తరువాత ఊరు పెరిగి, నేల ఇంకించుకోవలసిన వాన కూడా రోడ్ల మీదుగా కాలువల్లోకే చేరసాగింది. దాంతో ఏడాదికి ఎన్నోసార్లు అలుగులు పారి, మురుగు మళ్లీ నదిలో కలిసింది. దాన్ని పట్టడానికి నది కింద 25 కిలోమీటర్ల కొత్త సొరంగం తవ్వి, 2025 ఫిబ్రవరిలో చివరి అలుగును కూడా దానికి కలిపారు. బాజల్జెట్ కాలువలు మాత్రం ఇంకా పనిచేస్తున్నాయి. విక్టోరియా ఎంబాంక్‌మెంట్ గోడకు ఆయన శిల్పం ఉంది, ఆ రోడ్డు కిందే ఆయన కట్టిన కాలువ పారుతోంది.