ఇరవై మూడేళ్లకే ఆగిన లెక్క

కంప్యూటర్ సైన్సు పుస్తకాల్లో మనం హెర్‌బ్రాండ్ అని చదివే పేరును ఫ్రెంచివాళ్లు ఎర్‌బ్రాఁ అని పలుకుతారు. జాక్ ఎర్‌బ్రాఁ 1908 ఫిబ్రవరి 12న పారిస్‌లో పుట్టారు. పదిహేడో ఏట ఎకోల్ నార్మల్ సుపీరియర్ ప్రవేశ పరీక్షలో మొదటి స్థానం తెచ్చుకున్నారు. అప్పట్లో ఫ్రాన్స్‌లో తర్కశాస్త్రాన్ని పట్టించుకున్న గణితవేత్తలు బహు తక్కువ. ఆయన ఏరికోరి అదే పట్టుకున్నారు. 1929లో, ఇరవై ఒక్కేళ్లకే, సిద్ధాంత వ్యాసం ముగించారు. మరుసటి ఏడు డాక్టరేటు వచ్చింది.

ఆ వ్యాసంలో ఏముంది? 'ప్రతి ఒక్కరూ', 'ఎవరో ఒకరు' అనే మాటలున్న వాక్యం నిరూపించదగినదే అయితే, పేర్లు పెట్టి రాసుకున్న కొన్ని ఉదాహరణలతోనే ఆ పని తేలిపోతుంది. అనంతంగా వెతకక్కర్లేదు. రెండు సూత్రాలను ఒకదానితో ఒకటి సరిపోల్చే పద్ధతీ అందులోనే ఉంది. 1965లో రాబిన్సన్ ఆ పద్ధతిని కంప్యూటర్లకు పనికొచ్చేలా మలిచారు. 1972లో మార్సేలో ప్రోలాగ్ భాష పుట్టింది.

మన బడి సంగతే ఉదాహరణగా చూద్దాం. మార్కులు ఒక కంప్యూటర్‌లో ఉన్నాయి. ఫలానా ఆవిడ టీచరని చెప్పాల్సింది బడి. ఆ బడికి గుర్తింపు ఉందని చెప్పాల్సింది బోర్డు. మార్కులున్న కంప్యూటర్‌కు ఆవిడెవరో తెలియదు. గుర్తింపున్న బడి టీచరని చెప్పిన ప్రతి ఒక్కరూ ఆ బడి మార్కులు చూడవచ్చన్న నియమం మాత్రం తెలుసు. బోర్డు మాట, బడి మాట ఆ నియమంతో కలిపితే రుజువు కుదరాలి. కుదిరితే తలుపు తెరుచుకుంటుంది, లేదంటే లేదు. అందరి పేర్లతో పెద్ద జాబితా ఒకచోట పెట్టుకోనక్కర్లేదు. పెట్టుకుంటే దాన్ని సరిచూసేదెవరన్నది వేరే తలనొప్పి!

ఎర్‌బ్రాఁ ఇవేవీ చూడలేదు. రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్‌పై జర్మనీ వెళ్లి ఫాన్ నాయ్‌మన్, ఆర్టిన్, ఎమ్మీ నోతర్‌ల దగ్గర చదువుకున్నారు. గోడెల్‌తో ఉత్తరాలు నడిపారు. 1931 వేసవి సెలవుల్లో ఆల్ప్స్ కొండలెక్కుతూ జులై 27న జారిపడి ప్రాణం విడిచారు. గోడెల్ ఆయనకు జవాబు రాసి అప్పటికి రెండు రోజులే అయింది. అంకగణితంలో వైరుధ్యం లేదని చూపే ఆయన చివరి వ్యాసం పత్రిక కార్యాలయానికి అందినదీ ఆ 27వ తేదీనే.

1963లో ఆయన సిద్ధాంత వ్యాసంలోని ఒక మెట్టు తప్పని అమెరికా పరిశోధకులు చూపించారు. ఆ ఖాళీని పూడ్చే దారి కూడా దొరికింది.