మహానటి సావిత్రి గారి జీవితం

మన హాస్టల్ టీవీలో పాత సినిమా వస్తే అందరం చాపలు పరుచుకొని కూర్చుంటం. అందులో అందరికీ నచ్చే నటి సావిత్రి గారు. ఆమె గురించి తెలుసుకుందాం.

సావిత్రి గారి ఊరు గుంటూరు జిల్లా చిర్రావూరు. తండ్రి నిశ్శంకర గురవయ్య, తల్లి సుభద్రమ్మ. ఆరు నెలల పాపగా ఉన్నప్పుడే నాన్న చనిపోయిండు. పెద్దమ్మ దుర్గాంబ, పెద్దనాన్న కొమ్మారెడ్డి వెంకట్రామయ్య గారలు పెంచారు. విజయవాడలో డాన్సు నేర్చుకొని నాటకాలు వేసింది. కాకినాడ నాటక పోటీల్లో హిందీ నటుడు పృథ్వీరాజ్ కపూర్ గారి చేతుల మీదుగా బహుమతి తీసుకున్నది.

తర్వాత పెద్దనాన్న మద్రాసు తీసుకపోయిండు. అక్కడ 1950లో సంసారం సినిమాలో హీరోయిన్ వేషం వచ్చినట్టే వచ్చి పోయింది. బెరుకుగా ఉందని చిన్న వేషం ఇచ్చారు. 1951లో పాతాళభైరవిలో ఒక డాన్సే దొరికింది. అయినా మద్రాసు విడిచి పోలేదు. 1953లో దేవదాసులో పార్వతిగా వేసి పేరు తెచ్చుకున్నది. 1955లో మిస్సమ్మ వేషం భానుమతి గారు మానుకుంటే ఈమెకు వచ్చింది.

1957లో వచ్చిన మాయాబజార్‌లో ఈమె శశిరేఖ. ఘటోత్కచుడు మాయతో శశిరేఖ రూపంలోకి వస్తాడు. పైకి ఆడపిల్ల, లోపల రాక్షసుడు. ఆ నడక, ఆ చూపు ఆమెకే చెల్లింది. 1960లో చివరకు మిగిలేదిలో పిచ్చాసుపత్రి నర్సుగా వేసి ఏడిపించింది. 1964లో వచ్చిన మూగమనసులు గోదావరి మీది కథ. మన పోచంపాడు డ్యాముకు వచ్చే గోదావరే అది.

సావిత్రి గారు తమిళం నేర్చుకొని అక్కడ కూడా పెద్ద నటి అయ్యారు. మనలో చాలామందికి ఇంట్ల ఒక భాష, బడిలో ఒక భాష. కాబట్టి అది ఎంత కష్టమో మనకు తెలుసు. 1968లో చిన్నారి పాపలు సినిమాకు ఆమే దర్శకురాలు. అప్పట్లో ఆడవాళ్లు ఆ పని చేయడం చాలా అరుదు.

ఆమెది పెద్ద చెయ్యి. 1965 యుద్ధం అప్పుడు తన నగలు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారికి ఇచ్చేశారు. అడిగినవాళ్లకు లేదనలేదు.

కానీ ఇరవై ఏళ్లు నిండకముందే, 1952లో, జెమినీ గణేశన్ గారిని పెళ్లి చేసుకున్నారు. ఆయనకు అప్పటికే పెళ్లయింది. తర్వాత వాళ్లు విడిపోయారు. సొంత సినిమాల్లో డబ్బు పోయింది. తాగుడు అలవాటయింది. ఆస్తులు పోయినయి. 1980లో బెంగుళూరులో స్పృహ తప్పి, ఏడాదిన్నరకు పైగా మంచంలోనే ఉండి, 1981 డిసెంబర్ 26న చనిపోయారు. అప్పటికి యాభై ఏళ్లు కూడా లేవు.

2011లో ఆమె బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది. 2018లో ఆమె కథ మహానటి సినిమాగా వచ్చింది. అందులో సావిత్రిగా వేసిన కీర్తి సురేశ్ గారికి జాతీయ అవార్డు వచ్చింది.

మిత్రులారా, తాగుడు ఇంటికి ఏం చేస్తదో మన గూడేల్లో చూస్తనే ఉన్నం. అంత గొప్ప నటిని కూడా అది విడిచిపెట్టలేదు. తొందరపడి పెళ్లికి ఒప్పుకోవద్దు. మన సంపాదన లెక్క మనమే చూసుకోవాలె. తండ్రి లేకున్నా, మొదటి వేషం పోయినా నిలబడ్డ సావిత్రి గారి ధైర్యం మాత్రం మనం తీసుకోవాలె.

– 9వ తరగతి విద్యార్థిని, మెండోర