చెడు కంటిలో ఉన్నదా, హృదయములో ఉన్నదా?

పచ్చకామెర్లవానికి లోకమంతా పచ్చన. చెడు కూడా అట్లే చూచువారి కంటిలోనిదే అని కొందరందురు. ఈ ప్రశ్నతో ఏండ్ల తరబడి పెనుగులాడిన అగస్టీనును మనము జ్ఞాపకము చేసికొందము.

ఆయన క్రీ.శ. 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తేలో జన్మించెను. తల్లి మోనికా ప్రార్థనాపరురాలు. పదహారేండ్ల ప్రాయమున స్నేహితులతో కలిసి పొరుగువారి బేరిపండ్లు దొంగిలించెను. ఆకలికి కాదు, చాలామట్టుకు పందులకు పారవేసిరి. తప్పు చేయుటలోని సంతోషమునకే చేసితినని తరువాత వ్రాసి ఒప్పుకొనెను.

పిమ్మట సుమారు తొమ్మిదేండ్లు మానీ మతస్థులతో తిరిగెను. చెడు అనునది దేవునితో పోరాడు వేరొక శక్తియని వారి బోధ. పాపము చేయునది తాను కాదు, ఆ శక్తియే అనుకొనుట ఆయనకు హాయిగా ఉండెను. మిలానులో అంబ్రోసు ప్రసంగములు వినెను. 386లో మారుమనస్సు, 387లో బాప్తిస్మము పొందెను.

చెడు ఒక పదార్థము కాదు, మంచి కొరవడుటయే అని ఆయన గ్రహించెను. అయినను వట్టి భ్రమ అనలేదు. గుడ్డితనమనగా చూపు లేకపోవుటయే. కాని గుడ్డివాడు గోతిలో పడుట నిజమే కదా!

హిప్పో పట్టణమునకు ముప్పదేండ్లకు పైగా బిషప్పుగా ఉండి, 430 ఆగస్టు 28న, వాండలులు పట్టణమును ముట్టడించియుండగా, గోడకు తగిలించిన పశ్చాత్తాప కీర్తనలు చదువుకొనుచు కన్నుమూసెను.

ఊరుగాని ఊరనియు, కాలము చెడ్డదనియు మనము సాకులు చెప్పుకొనునప్పుడు ఆ బేరిచెట్టును తలంచుకొందము.