డాక్టరు వాల్టర్ డాండీ

మానవదేహమునందలి అవయవములలో మెదడువలె వైద్యునికి దుర్గమమైనది మఱియొకటి లేదు. పుఱ్ఱె యను కోటలో దాగియున్న ఆ యవయవమును కోసి చూడకయే దాని లోపలి రూపమును తెలిసికొనవచ్చునని లోకమునకు చూపినవాడు వాల్టర్ ఎడ్వర్డ్ డాండీ. మెడ తనంతట తానే ఒక ప్రక్కకు మెలి తిరుగు వింతవ్యాధిని కుదుర్చుటకు పాటుపడినవారిలోను ఇతడొకడు.

డాండీ 1886వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన అమెరికాదేశమున మిస్సోరి రాష్ట్రమందలి సెడాలియా పట్టణమున జన్మించెను. తండ్రి ఇంగ్లండునుండియు, తల్లి ఐర్లండునుండియు వలస వచ్చినవారు. తండ్రి రైలుబండి నడుపు ఉద్యోగి. వారి ఏకైక పుత్రుడగు వాల్టర్ 1903లో ఉన్నత పాఠశాల చదువును తరగతిలో ప్రథముడుగా ముగించెను. పిదప 1910లో బాల్టిమోరు నగరమందలి జాన్స్ హాప్కిన్స్ వైద్యకళాశాలలో పట్టమును బడసెను.

అచ్చట ఇతడు సుప్రసిద్ధుడగు హార్వే కుషింగు నొద్ద పని నేర్చెను. కాని గురుశిష్యులకు పొసగలేదు. 1912లో కుషింగు బోస్టనునకు తరలిపోవుచు శిష్యుని వెంటగొనిపోలేదు. దిక్కు తోచని ఆ దినములలో డాండీ కృంగిపోక, ప్రయోగశాలనే ఆశ్రయించెను. కెన్నెత్ బ్లాక్‌ఫాన్ అను వైద్యునితో గూడి, పసిబిడ్డల తల నీరు పట్టి ఉబ్బు వ్యాధిని పరిశోధించెను. మెదడులోని గదులయందు ఒక ద్రవము ఊరుచుండుననియు, అది పాఱు దారి మూసికొనినచో తల ఉబ్బుననియు వారు నిరూపించిరి.

ఎక్స్‌రే కిరణములు 1895లోనే కనుగొనబడినవి. అయినను అవి పుఱ్ఱె యెముకను చూపునే గాని, మెత్తని మెదడును చూపజాలవు. ప్రేగులలోని గాలి ఎక్స్‌రే చిత్రమున స్పష్టముగ గానవచ్చుట వైద్యు లెఱిగినదే. మెదడు గదులలోని ద్రవమును తీసి గాలి నింపినచో ఆ గదుల ఆకారము తెలియును గదా యని డాండీ తలచెను. 1918లో అట్లే చేసి చూపెను. గది నొక్కుకొనియున్నచో గడ్డ యున్న తావు తెలియును. ఉబ్బియున్నచో ద్రవము నిలిచిన చోటు తెలియును. ఈ పరీక్షవలన రోగికి తీవ్రమైన తలనొప్పి కలుగుచుండెను, అపాయమును లేకపోలేదు. అయినను అంతకుముందు చీకటిలో తడవులాడుచుండిన శస్త్రవైద్యునికి ఇది దీపమయ్యెను.

డాండీ హస్తలాఘవము గలవాడు; కోపిష్ఠియు నని పేరు. సహాయకులు ఇతని మాటలకు వణకుచుండెడివారు. పేదలకు మాత్రము పలుమాఱు రుసుము లేకయే చికిత్స చేసెను.

ఇక మెడ మెలి తిరుగు వ్యాధి. ఇందు మెడకండరములు రోగి యిచ్ఛకు లోబడక బిగిసికొని తలను ప్రక్కకు లాగివేయును. గడ్డముపై వ్రేలు మోపినంతనే కొందఱికి తల కొంతసేపు చక్కబడును. ఈ వింతను జూచి 19వ శతాబ్దాంతమున ఫ్రెంచి వైద్యులు కొందఱు దీనిని మనోవ్యాధి యనిరి. డాండీ 1930లో మెడనరముల మూలములను ఖండించు శస్త్రచికిత్సను వర్ణించి ప్రకటించెను. జర్మనీకి చెందిన ఫోర్‌స్టర్ పేరును ఇతని పేరును గలిపి ఆ చికిత్సను పిలిచెడివారు. దానివలన కొందఱికి మేలు కలిగెను. కొందఱికి మెడ బలహీనమై, మ్రింగుట కష్టమయ్యెను. వ్యాధికి మూలము మెడలో లేదు, మెదడులో నున్నది. గాలి నింపి తీసిన చిత్రము దానిని చూపజాలకపోయెను. 1946 ఏప్రిల్ 19వ తేదీన డాండీ గుండెజబ్బుచే మరణించెను.

1971లో లండనులో కంప్యూటరు స్కానింగుతో తొలి రోగిని పరీక్షించిరి. ఆ తరువాత అయస్కాంతశక్తితో చిత్రము తీయు యంత్రమును వచ్చెను. డాండీ గాలిపరీక్ష మూలబడెను. అయినను మెడవ్యాధి గలవారిలో ఎక్కువమందికి సాధారణ స్కానింగు నిర్దోషముగనే యుండును. మెదడు పనిచేయు తీరును చిత్రించు పద్ధతులు వచ్చిన పిదపనే గుట్టు కొంత బయటపడెను. మెదడు లోతుననున్న కణసమూహములును, చిన్నమెదడును, స్పర్శను గ్రహించు భాగమును, కదలికను శాసించు భాగమును ఒండొంటితో నడుపు వ్యవహారము ఈ రోగులయందు భిన్నముగ నున్నదని అవి చూపినవి. ఇది దయ్యము గాదు, నటన గాదు, వ్యాధియే. నేడు బొటులినం అను మందును బిగిసిన కండరములలో సూదితో కొన్ని నెలల కొకసారి వేసి, పలువురికి ఉపశమనము కలిగించుచున్నారు. దానికి లొంగనివారిలో కొందఱికి స్కానింగు చూపిన దారిని మెదడులో సన్నని తీగె నమర్చి విద్యుత్తును పంపుదురు.

డాండీ మరణించిన మూడేండ్లకు, 1949లో, మనకు సమీపముననున్న వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో డాక్టరు జేకబ్ చాండీ భారతదేశమున తొలి మెదడు శస్త్రచికిత్సా విభాగమును స్థాపించెను. కావున మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములవారికి ఈ విద్య దూరదేశపు వార్త గాదు.

విద్యార్థులారా! మెడ వంకరగ నున్నవానిని సంతలోనో బడిలోనో చూచి నవ్వుట సులభము. తల్లిదండ్రులారా! అట్టివానిని భూతవైద్యునియొద్దకు గొనిపోవుటయు సులభమే. కంటికి గానరానిదెల్ల లేదనుకొనుట తగదని డాండీ జీవితము బోధించుచున్నది. అట్టి రోగి మీ యింటనో మీ వీధిలోనో యున్నచో, పరిహసింపక, ఆలసింపక నరముల వైద్యునియొద్దకు చేర్పుడు.