గిడుగు రామమూర్తి పంతులుగారు - సవర బడులు

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పేరు వినగానే మనకు వ్యావహారిక భాషావాదము జ్ఞప్తికి వచ్చును. ఆ వాదమునకు దిగుటకు చాల ముందుగానే వారు పర్లాకిమిడి కొండలలో చేసిన పనిని మనలో పెక్కుమంది యెరుగరు. మేమిచట ముఖ్యముగ దానినే చెప్పదలచితిమి.

పంతులుగారు 1863 ఆగష్టు 29న శ్రీముఖలింగమునకు సమీపమున పర్వతాలపేటలో జన్మించిరి. బాల్యముననే పితృవియోగము కలిగెను. విజయనగరమున గురజాడ అప్పారావుగారితో కలిసి చదువుకొనిరి. 1879లో మెట్రిక్యులేషను ముగించి, మరుసటి యేట ముప్పది రూపాయల జీతముపై పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి.

ఆ ప్రాంతపు కొండలలో సవరలు నివసింతురు. వారిది ముండా కుటుంబమునకు చెందిన భాష. తెలుగుతోగాని ఒడియాతోగాని దానికి చుట్టరికము లేదు. అప్పటికి లిపియు లేదు. బడిలో అడుగిడిన సవర బాలుడు అక్షరములతోపాటు తెలియని భాషను గూడ ఒక్కసారే నేర్వవలసి యుండెను. ఇక వానికి చదువెట్లబ్బును? నేడు ఒడిశాలో తెలుగు బడి కావలెనని కోరు మనము, నాడా బాలునికి తెలుగే పరభాష యన్న సంగతిని మరువరాదు.

పంతులుగారు తెలుగును సవరయు వచ్చిన యొకనిని తమ యింటనే యుంచుకొని ఆ భాషను పట్టుదలతో అభ్యసించిరి. పిమ్మట సవరభాషలో వాచకములు వ్రాసిరి. స్వంత ధనముతో బడులు పెట్టి ఉపాధ్యాయులకు జీతము లిచ్చిరి. ప్రభుత్వమువారు పారితోషిక మీయబోగా దానిని తాము గైకొనక, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టుడని కోరిరి. చాలీచాలని జీతముతో సంసారమీదు ఉపాధ్యాయుడు చేసిన పని యిది! మన్యపు జ్వరములకు క్వినైను సేవించి సేవించి వారికి చెవుడు వచ్చెను. ఏ చెవులతో ఆ భాషను పట్టుకొనిరో ఆ చెవులే పోయినవి. అయినను కృషి మానలేదు.

పిల్లలకు తెలిసిన మాటలతోనే చదువు చెప్పవలెనన్న పట్టుదలయే వారిని తెలుగు విషయమునను వాదమునకు దింపెను. 1919లో ‘తెలుగు’ అను పత్రికను నడిపిరి. వారి చరిత్రను మేమీ గ్రాంథికమున వ్రాయుట చూచినచో పంతులుగారు మమ్ము మందలింపక మానరు.

1931లో వారి సవరభాషా వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువడెను. నడుమ 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరిని విడిచి వారు రాజమహేంద్రవరము చేరిరి. అప్పటికి వారికి డెబ్బది రెండేండ్లు. 1940 జనవరి 22న పరమపదించిరి. కుమారుడు సీతాపతిగారు సవరభాషాకృషిని కొనసాగించిరి. ఈ శతాబ్దపు తొలి దశకమున ఒడిశా ప్రభుత్వము గిరిజన బాలురకు ప్రాథమిక విద్యను మాతృభాషలో ఆరంభించినపుడు, ఎన్నుకొనిన భాషలలో సవరయు నొకటి.